జీడీపీ 6 శాతం, జనాభా 3 శాతం పెరిగితే తలసరి జీడీపీ వృద్ధి ఎంత?

ఈ ప్రశ్నకు మీరు 6ని 3తో భాగించి తలసరి వృద్ధి 2 శాతం అన్నారు. లెక్క అక్కడే తప్పింది. 1.06ను 1.03తో భాగించండి. 1.029 వస్తుంది, అంటే సుమారు 2.9 శాతం. అదీ స్థిర ధరల జీడీపీ, అంటే ధరల పెరుగుదలను తీసేసిన జీడీపీ తీసుకుంటేనే.

అసలు సంగతి వయసుల్లో ఉంది. ఏటా 3 శాతం పెరిగే జనాభా దాదాపు 23 ఏళ్లలో రెట్టింపవుతుంది. ఈలోగా బడులు, టీచర్లు, ఆసుపత్రి పడకలు కూడా రెట్టింపైతే గానీ ఇప్పుడున్న స్థాయి నిలవదు! ఇలా వేగంగా పెరిగే జనాభాలో పిల్లలే ఎక్కువ. అందుకే ఆధారిత నిష్పత్తి కూడా కట్టండి: 15 ఏళ్లలోపువారిని, 64 దాటినవారిని కలిపి, 15–64 వయసువారి సంఖ్యతో భాగించి, 100తో గుణించాలి. 80 వచ్చిందంటే పనిచేసే వయసున్న 100 మందిపై 80 మంది భారం. జననాలు తగ్గాక ఈ అంకె కొన్ని దశాబ్దాలు దిగి, వృద్ధులు పెరిగాక మళ్లీ ఎక్కుతుంది. చదువు, ఉద్యోగాలు ఆ మధ్యకాలంలోనే అందాలి.