బ్లాగులో ప్రకటనలు చూపించినందుకు డబ్బిచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్‌లో 60 డాలర్లు కనిపిస్తున్నా బ్యాంకులో ఎందుకు పడలేదు?

ఖాతాలో మొత్తం 100 డాలర్లకు చేరితేనే గూగుల్ డబ్బు పంపుతుంది, అందుకే బ్లాగు మీద 60 వచ్చినా బ్యాంకులో ఏమీ పడదు. పైగా రోజూ కనిపించేది అంచనా లెక్కే. చెల్లని క్లిక్కులు తీసేసి, నెల ముగిశాక అసలు మొత్తం తేలుస్తారు. మేలో 60, జూన్‌లో 45 వచ్చాయనుకోండి, రెండూ కలిపి 105 కాబట్టి జూలై 21–26 మధ్య పంపిస్తారు, బ్యాంకులో చేరడానికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు. 100 చేరకపోతే ఆ నెల సొమ్ము పోయినట్టేనని చాలామంది టెన్షన్ పడతారు, అదేం లేదు, తర్వాతి నెలకు కలుస్తుంది. తొందరపడి మన ప్రకటనలు మనమే నొక్కితే మాత్రం ఖాతాకే ఎసరు. 10 డాలర్లు దాటాక గూగుల్ నుంచి తపాలాలో వచ్చే పిన్ నంబరు కూడా ఖాతాలో ఎంటర్ చేయాలి, లేదంటే 100 దాటినా చెల్లింపు ఆగిపోతుంది.