సునామీలో అరేఖీయతను కొలిచే ముందు

చిరంజీవి సౌమ్యకు,

2004 డిసెంబర్ 26 నాటి సునామీ రికార్డుల్లో అరేఖీయతను, అంటే అల తన ఎత్తు వల్లే వేగాన్నీ ఆకారాన్నీ మార్చుకునే గుణాన్ని, కొలవాలనుకుంటున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఉర్సెల్ సంఖ్య ఒక్కటే చూసి తీర్పు చెప్పకు.

లెక్క వేసి చూడు. భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం హిందూ మహాసముద్రం మీదుగా వెళ్తూ ఆ అల ఎత్తును సుమారు 60 సెంటీమీటర్లుగా నమోదు చేసింది. లోతు 4,000 మీటర్లు, తరంగదైర్ఘ్యం 500 కిలోమీటర్లు అనుకో. ఎత్తును తరంగదైర్ఘ్యపు వర్గంతో గుణించి, లోతు ఘనంతో భాగిస్తే 2.3 వస్తుంది, అదే ఉర్సెల్ సంఖ్య. ఒకటి దాటింది కాబట్టి అరేఖీయత బలంగా ఉందని తేల్చేయాలనిపిస్తుంది. కానీ అరేఖీయత, విక్షేపణం (వేర్వేరు పొడవుల అలలు వేర్వేరు వేగాలతో విడిపోవడం) ఈ రెండింటిలో ఏది పెద్దదో మాత్రమే ఆ సంఖ్య చెబుతుంది. రెండూ అత్యల్పంగా ఉన్నా అది ఒకటి దాటవచ్చు. ఇక్కడ ఎత్తుకు, లోతుకు ఉన్న నిష్పత్తి 0.00015. శిఖరానికి దక్కే అదనపు వేగం, అల వేగంలో భాగంగా చూస్తే, దానికి ఒకటిన్నర రెట్లు. అంటే వెయ్యి కిలోమీటర్లు సాగాక శిఖరం ముందుకు జరిగేది 225 మీటర్లు. అంత పొడవైన అలలో దాన్ని ఏ పరికరం పట్టుకోగలదు?

అదే అల 50 మీటర్ల లోతుకు చేరేసరికి, లోతు తగ్గేకొద్దీ అల ఎత్తు ఎంత పెరుగుతుందో చెప్పే గ్రీన్ సూత్రం ప్రకారం ఎత్తు 1.8 మీటర్లకు పెరుగుతుంది, పొడవు 56 కిలోమీటర్లకు తగ్గుతుంది. అక్కడ 40 కిలోమీటర్లు సాగితే శిఖరం రెండు కిలోమీటర్లకు పైగా ముందుకు జరిగి, ముందువైపు వాలు నిటారవుతుంది. అందుకే ఎంత లోతులో, ఎంత దూరం ప్రయాణించిందో చెప్పకుండా అరేఖీయత ఇంత అని ఎప్పుడూ రాయకు. పది మీటర్ల లోతులో గ్రీన్ సూత్రాన్నే నమ్మకు, అది రేఖీయ సూత్రం, అరేఖీయతను లెక్కలోకి తీసుకోదు.

విశాఖపట్నం టైడ్ గేజ్ (రేవులో నీటిమట్టాన్ని కొలిచే పరికరం) రికార్డు తీసుకుంటే ముందు ఆటుపోట్లను తొలగించు, కానీ లోతు లెక్కలో మాత్రం ఆ సమయపు పోటును కలుపు. గేజ్ చుట్టూ ఉండే గొట్టపు బావి పొట్టి అలలను మింగేస్తుందని కూడా గుర్తుంచుకో. శిఖరం పదునెక్కడం వేరు, ముందుకు వాలడం వేరు. రెండింటినీ విడివిడిగా కొలువు. స్పెక్ట్రమ్‌లో అరేఖీయతకు గుర్తుగా రెట్టింపు పౌనఃపున్యం కనబడగానే సంబరపడకు, రేవు సొంత డోలనం కూడా అక్కడే పడవచ్చు. ఆ రెట్టింపు పౌనఃపున్యం అసలు అల నుంచే పుట్టిందా అన్నది రెండింటి దశల మధ్య పొత్తును చూపే బైస్పెక్ట్రమ్ అనే గణనతో తెలుస్తుంది. అయితే సునామీలో పెద్ద అలలు కొన్నే ఉంటాయి కాబట్టి, సగటు తీయడానికి అవి చాలవు.

నాకు ఎక్కువ నమ్మకమున్న పద్ధతి ఒకటే. ఒకే భూకంప మూలంతో, ఒకే సముద్రపు అడుగు లోతులతో కంప్యూటర్ నమూనాను రెండుసార్లు నడుపు, ఒకసారి అరేఖీయ పదాలతో, ఇంకోసారి అవి లేకుండా. అడుగు ఘర్షణ పదం కూడా అరేఖీయమే, కాబట్టి రెండింటిలోనూ దాన్ని ఒకేలా ఉంచు. ఆ తర్వాత తీరం దగ్గరి లోతులను పది శాతం అటూ ఇటూ మార్చి మళ్లీ నడుపు. అప్పుడు వచ్చే తేడా అరేఖీయ పదాల వల్ల వచ్చిన తేడాను మించిపోతే, ఆ రికార్డుతో నీ ప్రశ్నకు జవాబు రాదు, ఇంకో గేజ్ వెతుక్కోవాలి. ఆ రెండు తేడాల పటాలు గీశాక నాకు పంపు, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మామయ్య