నిద్రపోతోందని మురిసిపోకు

తల్లీ,

ఎల్లుండి పాపని ఇంటికి తెస్తున్నారని, రాగానే సీసా మానిపించి రొమ్మే పట్టిస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. 33వ వారంలో పుట్టిన పిల్లకి ఇన్నాళ్లూ పాలు పిండి ట్యూబుకి పంపినదానివి, నీకు చేతకాకపోవడమేంటి! అయినా రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

చేతులు కడుక్కోవడం, డాక్టర్ రాసిన చుక్కల మందులు వేయడం నీకు తెలిసినవే.

నా భయమంతా మా పెద్దాడి వల్ల వచ్చింది. వాడూ నెలలు నిండకుండానే పుట్టాడు. ఇంటికొచ్చాక వారం రోజులు ఏడుపే లేదు. నాలుగు గుక్కలు లాగి కళ్లు మూసేవాడు, ఇక ఐదేసి గంటలు నిద్ర. 'ఎంత బుద్ధిమంతుడో' అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాను. నిద్రపోయే బిడ్డని లేపకూడదన్న మాట ఒకటి పట్టుకు కూర్చున్నా. తూకానికి తీసుకెళ్తే, పెరగాల్సింది పోయి 90 గ్రాములు తగ్గాడు. నర్సు తిట్టలేదు. రోజుకి ఎన్ని గుడ్డలు తడుపుతున్నాడమ్మా అని అడిగింది. నేను లెక్కే పెట్టలేదు. కడుపు నిండి కాదు, పీల్చే ఓపిక లేక పడుకున్నాడు నా బిడ్డ.

అందుకే ఏడుపు కోసం చూడకు. రెండు మూడు గంటలకోసారి లేపు, అర్ధరాత్రయినా సరే. రోజుకి 8 సార్లకి తగ్గొద్దు. బట్టలు వదులు చేసి గుండెకి ఆనించుకో, అరికాళ్లు రుద్దు. ఈ పిల్లలు తల నిలపలేరు, మెడ వెనక చెయ్యి ఉంచు. పెదాలు కదులుతున్నాయి కదా అని మోసపోకు, గుటక వినపడాలి. ఊరికే చప్పరిస్తుంటే రొమ్ముని మెల్లగా నొక్కి చూడు, మళ్లీ మింగుతుంది. పాలు తీసే పంపుని అప్పుడే అటకెక్కించకు. పాప పూర్తిగా లాగలేకపోతే నీకు పాలూ తగ్గిపోతాయి. తాగాక పంపుతో తీసి పెట్టు, ఎంత పట్టాలో డాక్టర్ చెప్తారు. సీసా ఒక్కరోజులో మాన్పించడానికి ఎవరితోనైనా పందెం కాశావా? తూకం చూసుకుంటూ, డాక్టర్‌ని అడిగి ఒక్కో పూట తగ్గించు.

రోజుకి 6 డైపర్లు తడవకపోయినా, లేపితే లేవకపోయినా ఫోన్ నాకు కాదు, ఆస్పత్రికి చెయ్యి. అర్ధరాత్రి ఫీడ్‌కి తోడు కావాలంటే మాత్రం నాకే.

పెద్దాడు ఇప్పుడు గుమ్మం తగులుతుందని తల వంచి లోపలికొస్తాడు. ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త ఎక్కువసేపు పడుకుంటే వెళ్లి తట్టి లేపుతాను. విసుక్కుంటాడు.

మీ పెద్దమ్మ