ఇద్దరు స్నేహితురాళ్ల నవల రాస్తున్న అమ్మాయికి

అమ్మడూ,

నువ్వు పంపిన అధ్యాయాలన్నీ చదివాను. భాష బాగుంది, బడి రోజులు బాగున్నాయి. కానీ ఇద్దరూ మరీ మంచివాళ్లు. ఒకరి కోసం ఒకరు ప్రాణం పెట్టేస్తారు, ఒక్కరోజైనా మూతి ముడుచుకోరు. ముప్పయ్యేళ్ల స్నేహం అలా ఉండదు. ఉన్నా నవలకి పనికిరాదు.

ముందు ఎవరికి ఏది దక్కిందో, ఎవరికి దక్కలేదో తేల్చుకో. ఇటలీ రచయిత్రి ఎలెనా ఫెరాంటే నేపుల్స్ నవలలు నాలుగూ (2011 నుంచి 2014 దాకా ఏడాదికొకటి వచ్చాయి) చాలావరకు ఒక తేడా మీదే నడుస్తాయి. ఇద్దరు స్నేహితురాళ్లలో ఎక్కువ తెలివైన లీలాను ప్రైమరీ బడి తర్వాత ఇంట్లోవాళ్లు చదివించరు, లెనూ చదువు మాత్రం సాగుతుంది. ఇక లెనూ ఏం సాధించినా, అదే లీలా చదివుంటేనా అన్న గుబులు వదలదు. రెండో పుస్తకం మొదట్లో చూడు. 1966లో లీలా తన నోటుబుక్కులు ఒక రేకు పెట్టెలో పెట్టి, మొగుడి కంట పడకూడదని లెనూకి ఇస్తుంది. తెరవనని ఒట్టు కూడా వేయించుకుంటుంది. లెనూ రైలెక్కగానే తెరుస్తుంది. కొన్ని చోట్లు కంఠతా పడుతుంది. ఆఖరికి పీసాలో వంతెన మీది నుంచి ఆ పెట్టెని నదిలోకి తోసేస్తుంది. అంత ఇష్టం, అంత కడుపుమంట ఒకే మనిషిలో! నువ్వైతే ఆ వంతెన మీద రెండు పేజీలు ఏడిపించేదానివి.

ఇంకోటి, ప్రతి ఏడాదికీ లెక్క చెప్పకు. అమెరికా రచయిత్రి టోనీ మోరిసన్ నవల ‘సూలా’ (1973) అధ్యాయాలకు సంవత్సరాలే పేర్లు. 1927లో సూలా స్నేహితురాలు నెల్ పెళ్లవుతుంది, సూలా ఊరు వదిలిపోతుంది. పేజీ తిప్పితే 1937. తిరిగొచ్చిన సూలా నెల్ భర్తతోనే సంబంధం పెట్టుకుంటుంది, కాపురం కూలిపోతుంది. ఇన్నాళ్లూ తను బెంగపెట్టుకున్నది మొగుడి మీద కాదు, సూలా మీద అని నెల్‌కి తెలిసేది 1965లో. అప్పటికి సూలా పోయి పాతికేళ్లు.

మన దగ్గర ఆడవాళ్ల స్నేహం తెగడానికి అంత గొడవ కూడా అక్కర్లేదు. పెళ్లయి ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. నంబరు కనుక్కుని అత్తగారింటి ల్యాండ్‌లైన్‌కి చేస్తే ‘ఏం పనమ్మా?’ అంటారు. ఊరికే చేశానని చెప్పడానికి మొహమాటం. పదేళ్ల ఎడం రాయడానికి ఆ ఒక్క ఫోన్ కాల్ చాలు. తాగుబోతు మొగుణ్ణి తీసెయ్, వాడు మనకి ప్రతి నవల్లోనూ దొరుకుతాడు.

నీ టైలరమ్మాయి నాకు బాగా నచ్చింది. పన్నెండేళ్లకి ఊరొచ్చిన స్నేహితురాలికి ఆది జాకెట్టు అడక్కుండానే గుడ్డ కత్తిరించేసింది అన్నావు. మంచి చోటు పట్టుకున్నావు, కానీ కొలతలు అవే ఉన్నట్టు రాశావే! ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి. ఆ జాకెట్టు చంకల్లో పట్టెయ్యాలి. అయినా బాగుందనే అనాలి. ఈవిడ కుట్టుకూలి తీసుకోదు, ఆవిడ ఐదొందల నోటు మిషను కింద పెట్టి వెళ్లిపోతుంది. మర్నాడు ఆ నోటు ఎవరికి కనబడిందో రాయి. ఎవరికి ఎందుకు కోపమొచ్చిందో మాత్రం రాయకు.

ఆ అధ్యాయం తిరగరాశాక ప్రింటు తీసి పంపు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పెడితే నా కళ్లకి ఆనదు.

నీ పెద్దమ్మ