చంద్రుడి మీద గనులకు ఖమ్మంలో పొలం అమ్మాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. చంద్రుడి మీద, గ్రహశకలాల మీద ఉన్న వనరులను పొదుపుగా వాడుకునే ప్లానింగ్ చేస్తానంటోంది. అమెరికాలో ‘స్పేస్ మైనింగ్’ పీజీ ఉందని, ఇక్కడ ఏదో ఒక బీటెక్ అయితే చాలని కన్సల్టెన్సీ వాళ్లన్నారు. రెండెకరాలు అమ్మడానికి సిద్ధమే. కానీ సీఎస్‌ఈ వదులుకుంటే నష్టపోతామేమో! ఆడపిల్లకు మైనింగ్ ఏమిటని బంధువులూ అంటున్నారు. సీఎస్‌ఈ, మైనింగ్, ఐఐఎస్‌టీ (అంతరిక్ష సాంకేతిక విద్యాసంస్థ): ఏది మేలు?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పోలిక అడిగారు గానీ, మీ దిగులంతా ఆ రెండెకరాల మీదే ఉంది. ముందు ఆ సంగతి తేల్చుకుందాం. అమ్మకండి.

కన్సల్టెన్సీ చెబుతున్నది బహుశా కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో 2018లో మొదలైన స్పేస్ రిసోర్సెస్ ప్రోగ్రాం. కోర్సు మంచిదే. కాకపోతే ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు వీలుగా ఆన్‌లైన్‌లో నడుస్తుంది. పూర్తిగా ఆన్‌లైన్ కోర్సుకు స్టూడెంట్ వీసా రాదు. పైగా ‘ఐటార్’ అనే ఎగుమతి నిబంధనల వల్ల అక్కడి రాకెట్, స్పేస్‌క్రాఫ్ట్ కంపెనీలు చాలా ఉద్యోగాలకు పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. ఈ రెండు ముక్కలూ వాళ్లు మీకు చెప్పారా? చెప్పకపోతే మీరైనా అడగాలి కదా. ఎకరం కొనేటప్పుడు పహాణీ, లింకు డాక్యుమెంట్లు అన్నీ చూస్తారు, అమ్మాయి చదువుకు మాత్రం రంగుల బ్రోచర్ చాలిందా?

ఇక ఈ రంగం మీద నాకున్న అనుమానాలు. గ్రహశకలాలను తవ్వుతామని 2012లో ఆర్భాటంగా ప్రకటించుకున్న ప్లానెటరీ రిసోర్సెస్ 2018లో ఒక బ్లాక్‌చైన్ సంస్థ చేతికి పోయింది. డీప్ స్పేస్ ఇండస్ట్రీస్‌ను మరుసటి ఏడాదే వేరే కంపెనీ కొనేసింది. నాసా వ్యోమనౌక ఓసిరిస్-రెక్స్ ఏడేళ్లు తిరిగి బెన్ను అనే గ్రహశకలం నుంచి తెచ్చిన మట్టి 121.6 గ్రాములు. చంద్రుడి మట్టిలోని హీలియం-3 వాయువు రేపటి అణు ఇంధనమని వీడియోలు ఊదరగొడుతుంటాయి. అది టన్ను మట్టిలో సుమారు 10 మిల్లీగ్రాములు ఉంటుందనుకున్నా, కిలో కావాలంటే లక్ష టన్నుల మట్టిని వందల డిగ్రీల వేడికి తేవాలి. గనుల భాషలో ‘వనరు’ వేరు, ‘రిజర్వ్’ వేరు. ఉందని తెలిస్తే వనరు, గిట్టుబాటుగా తవ్వగలిగితే రిజర్వ్. అంతరిక్షంలో ఇప్పటిదాకా రిజర్వ్ అనదగ్గది ఒక్కటీ లేదు.

అలాగని అమ్మాయిది వెర్రి ఆలోచన కాదు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర ఎండ ఎక్కువకాలం పడే గుట్టలు కొన్నే. మంచు ఉన్న గోతుల్లో ఎండ అసలు పడదు, చలి కొన్నిచోట్ల మైనస్ 200 డిగ్రీలకూ కిందే. కరెంటు గుట్ట మీద, నీళ్లు గోతిలో. ఈ రెంటినీ కలపడమే ప్లానింగ్. డ్రిల్ వేడెక్కితే మంచు నీరు కాకుండానే ఆవిరై పోతుంది. ల్యాండర్ దగ్గర్లో దిగితే దాని ఇంజిన్ ఎగజిమ్మే దుమ్ము పక్కవాళ్ల పరికరాలను గీకేస్తుంది. 1969లో అపోలో 12 సుమారు 160 మీటర్ల దూరంలో దిగినా, అంతకుముందే అక్కడ దిగి ఉన్న సర్వేయర్ 3 ల్యాండర్ మీద ఆ దెబ్బలు కనిపించాయి. ఇక హక్కుల చిక్కు. 1967 ఒప్పందం ప్రకారం చంద్రుడు ఏ దేశం సొత్తూ కాదు. తవ్వి తీసినది సొంతం చేసుకోవచ్చని అమెరికా 2015లో, లక్సెంబర్గ్ 2017లో చట్టాలు చేసుకున్నాయి. చంద్రుడి అన్వేషణకు అమెరికా చొరవతో వచ్చిన ఆర్టెమిస్ ఒప్పందాల మీద భారత్ 2023లో సంతకం చేసింది.

ఈ పనులకు కావాల్సినవాళ్లు మైనింగ్, కెమికల్, మెకానికల్, జియాలజీ బాగా వచ్చినవాళ్లు. ‘స్పేస్’ అన్న మాట డిగ్రీ పేరులో లేకపోయినా పర్వాలేదు. అందుకే ‘ఏదో ఒక బీటెక్’ అన్న సలహా తప్పు.

ర్యాంకు బాగా వస్తే ధన్‌బాద్ ఐఐటీలోనో ఖరగ్‌పూర్‌లోనో మైనింగ్, లేదా తిరువనంతపురం ఐఐఎస్‌టీ. అంత రాకపోతే మీ పక్కనే కొత్తగూడెం. అక్కడి మైనింగ్ కాలేజీ ఇప్పుడు ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మారింది. సీఎస్‌ఈ చదివితే రోవర్లు, మ్యాపుల వైపు రావచ్చు. అదీ మూసిన తలుపేం కాదు, కాబట్టి ఏది ఎంచుకున్నా బతుకు తెల్లారిపోదు. రాక్ మెకానిక్స్, మినరల్ ప్రాసెసింగ్ నేర్చుకున్న పిల్లకు చంద్రుడు ఆలస్యమైతే బొగ్గు, రాగి, లిథియం ఉండనే ఉన్నాయి.

ఆడపిల్ల సంగతా? భూగర్భ గనుల్లో టెక్నికల్, సూపర్‌వైజరీ పనులకు మహిళలను పగటిపూట తీసుకోవచ్చని కేంద్రం 2019లోనే అనుమతించింది. బంధువులకు ఆ మాట చెప్పండి.

ఆసక్తి ఎంత గట్టిదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. పరీక్షలయ్యాక ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్‌లో రిజిస్టరయి చంద్రయాన్-2 చిత్రాలు దించుకోమనండి. మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో దక్షిణ ధ్రువపు గొయ్యి ఒకటి తీసుకుని, ఎత్తుల మ్యాపు నుంచి వాలు లెక్కకట్టాలి. 15-20 డిగ్రీలు దాటితే రోవర్‌కు కష్టం, ఆ చోట్లు కొట్టేయాలి. మిగిలినదాంట్లో సోలార్ పలకలు ఎక్కడ, ల్యాండర్ దిగేది ఏ గుట్ట చాటున, దారి ఎటు అన్నది గీయాలి. మొదటిసారి దారి కుదరదు, గోతి అంచులు నిటారుగా ఉంటాయి. విసుక్కుని వదిలేస్తుందా, మళ్లీ మొదలుపెడుతుందా అన్నది పక్కనుండి చూడండి, మాట్లాడకుండా.

తర్వాత అనుమతి తీసుకుని సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఒకసారి చూపించండి. ఆ దుమ్ము, ఆ మెషీన్లు చూసి వచ్చాక కూడా ఇదే మాటంటే, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు మీరు కాదు, తననే పెట్టుకోనివ్వండి.