లేసు పని పెడుతున్న శ్రావణికి

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి పాలకొల్లు వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నరసాపురం లేసు వేసి చిన్నపిల్లల గౌన్లు, జాకెట్లు కుట్టించి అమ్ముతావట. మీ అమ్మ ఏడుస్తూనే చెప్పింది. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. భయమే, కాదనను. కానీ మూడు తరాలుగా మన ఇంటి ఆడవాళ్లు అల్లిన లేసు ఎవరెవరి పేరుతోనో అమ్ముడైపోయింది. దాన్ని సొంత పేరు మీద అమ్ముతానన్న పిల్లవి నువ్వొక్కదానివే. అది తలుచుకుంటే కడుపు నిండినట్టుంది. ఫోన్‌లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోవడం నా వల్ల కాక ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు, మీ అమ్మకీ వినిపించు.

నీకు తెలిసిన సంగతులు ముందు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమల నమోదు, చేయించు, దానికి పైసా ఖర్చు లేదు, మధ్యవాళ్లకి డబ్బులివ్వకు. ఇంటి ఖర్చుల్లో కలవకుండా వేరే ఖాతా తెరువు. కుట్టుమిషన్లు పాతవైనా నడుస్తాయి. గుడ్డకి ద్వారపూడి వెళ్లు, రాజమండ్రి తాడితోటకీ వెళ్లు, రెండుచోట్లా ధర చూశాకే కొను. కొన్న నూలు గుడ్డని కత్తిరించకముందే తడిపి ఆరబెట్టించు. లేకపోతే మొదటి ఉతుక్కే గౌను కుంచించుకుపోయి, దాని మీది లేసు ఉబ్బి లేస్తుంది.

లోను విషయం మాత్రం కాస్త ఆగి విను. పీఎంఈజీపీ అని కేంద్రప్రభుత్వ స్వయం ఉపాధి పథకం ఒకటుంది, దాని కింద పల్లెటూళ్లో యూనిట్ పెట్టే ఆడవాళ్లకి ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ ఉంది, సొంతంగా 5 శాతం పెట్టుకుంటే చాలు. పట్టణంలో పెడితే సబ్సిడీ 25 శాతమే. కాబట్టి షెడ్డు టౌన్‌లో తీసుకుంటావా, మన ఊళ్లో తీసుకుంటావా అన్నది ముందే తేల్చుకో. ఇంకో మాట, అది కొత్తగా పెట్టే యూనిట్లకే. ముందు మొదలుపెట్టేసి నడిచాక అప్లై చేస్తానంటే కుదరదు. ఆ సబ్సిడీ నీ చేతికి నోట్లుగా కూడా రాదు. నీ పేరు మీద బ్యాంకులోనే మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది, తర్వాత ఆ మేరకు లోను బాకీ తగ్గిస్తారు. ఆ డబ్బు వస్తుంది కదా అని దారం తెప్పించి, కూలీలకి మాటిచ్చి కూర్చుంటే ఇరుక్కుపోతావు.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, మా వీధిలో లేసు పని పంచిపెట్టేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అమ్మ ఇంటింటికీ పంచేది, అల్లినవి తిరిగి పోగుచేసి ఇచ్చేది. పువ్వులు అల్లేవాళ్లు వేరు, వాటిని కలిపి దుప్పటిగానో టేబుల్ గుడ్డగానో చేసే అతుకుపనివాళ్లు వేరు. ఎవరికీ గంటల లెక్క లేదు, ఎంత దారం అల్లితే అంత కూలి. చేలోకి వెళ్లకూడదని ఇంట్లో కూర్చోబెట్టిన ఆడవాళ్లు వాళ్లు. పొద్దున వంట కాగానే సూది పట్టుకుంటే రాత్రి దీపం ముందు దాకా వదిలేవాళ్లు కాదు. దాన్ని అందరూ "ఖాళీ టైమ్‌లో అల్లుకునే పని" అనేవాళ్లు. ఆ ఒక్క మాట అడ్డం పెట్టుకునే కూలి పెరగనివ్వలేదు, శ్రావణీ. నీ నోట ఆ మాట రాకూడదు.

ఒక ఏడు పెద్ద ఎగుమతి వ్యాపారి దగ్గరనుంచి ఒకాయన వచ్చాడు. దారం మీరే కొనుక్కోండి, మధ్యలో ఏజెంటు ఎందుకు, లాభమంతా మీదే అన్నాడు. అమ్మకి ఆశ పుట్టింది. పుట్టదా మరి? టేబుల్ గుడ్డల ఆర్డరు అది. కాగితం లేదు, అడ్వాన్సు లేదు. ఈ గుడ్డ ఇలాగే ఉండాలని ఒక నమూనా మీద ఇద్దరూ సంతకం పెట్టుకున్నదీ లేదు. చేతిలో ఉన్న డబ్బుతో సగం దారం తెచ్చింది. మిగతా సగం నెల తర్వాత, చేబదులు దొరికాక తెచ్చింది. నంబరు అదే, కంపెనీ అదే, లాటు, అంటే మిల్లులో ఒకేసారి తయారైన సరుకు, వేరు. అల్లేటప్పుడు ఎవరికీ తేడా తెలియలేదు. చేతి మట్టి పట్టి అన్నీ ఒకే మాదిరి మాసి ఉన్నాయి. అతుకులు పూర్తయ్యాక ఉతికి, గంజి పెట్టి, బల్ల మీద గుండుసూదులతో లాగి ఎండలో పెట్టారు. మధ్యాహ్నానికి బయటపడింది. ఒకే గుడ్డలో కొన్ని పువ్వులు పాల తెలుపు, కొన్ని నీలిమందు పెట్టిన తెలుపు. నాకిప్పటికీ ఆ బల్ల కళ్లకి కడుతుంది. అమ్మ ఒక్కో పువ్వూ వేలితో తాకుతూ, ఇది మొదటి దారం, ఇది రెండోది అని లెక్కపెడుతోంది.

వచ్చినాయన చూసి వద్దన్నాడు. ఎంత బతిమాలినా వినలేదు. ఆ వారమంతా కూలి కోసం ఆడవాళ్లు మా గుమ్మం ముందు నిలబడ్డారు. ఎవరూ గట్టిగా అడగలేదు. పసిపిల్లని చంకనేసుకుని ఒకావిడ, కాపురానికి వెళ్లాల్సిన కూతురితో ఇంకొకావిడ, ఊరికే నిలబడేవాళ్లు. అమ్మ కాసులపేరు అమ్మింది. అందరికీ పూర్తిగా ఇచ్చింది, ఒక్కరికీ తగ్గించలేదు. తర్వాత అదే మనిషి తిరిగొచ్చి పావు ధరకి అడిగాడు. అప్పుల వాళ్లు ఇంటి ముందున్నారు, ఇచ్చేసింది. పావు ధరకి పనికొచ్చిన సరుకు పూర్తి ధరకి ఎందుకు పనికిరాలేదో నేను పెద్దయ్యాక గానీ నాకు అర్థం కాలేదు.

చాలామంది అంటారు, ఆ నగ అమ్మడమే ఆవిడ చేసిన తప్పని. నేను ఒప్పుకోను. కూలి ఇవ్వడం న్యాయం. ఆవిడ తప్పల్లా, సరుకు పోతే నష్టమంతా తన నెత్తిన పడేలా మాట ఒప్పుకుని, చేతిలో రూపాయి పడకుండా పని మొదలుపెట్టడం.

అందుకని నా మాట విను. ఒక ఆర్డరుకి కావలసిన దారమంతా ఒకేసారి, ఒకే లాటులో కొను. అంత డబ్బు లేకపోతే ఆర్డరు చిన్నది తీసుకో. ప్రతి లాటు నుంచి ఒక పువ్వు అల్లించి, ఉతికించి, ఎండలో చూసి, దానికి చీటీ కట్టి దాచు. దుకాణం వాళ్లకి ఇచ్చే నమూనా మీద రెండు పక్షాల సంతకాలూ ఉండాలి. ఒకరి చెయ్యి బిగువు, ఇంకొకరి చెయ్యి వదులు, అల్లిక కొలత తేడా వస్తుంది. ఒక గౌనుకి వెళ్లే లేసంతా ఒకరి చేతిదే అయ్యేలా చూసుకో. పని పంచేముందు నువ్వే సూది పట్టుకుని ఒక పువ్వు అల్లి, గడియారం చూడు. కూలి దారం లెక్కన కాకుండా ఆ గంటల లెక్కన కట్టు. అప్పుడు గౌను ధర ఎక్కువైందనిపిస్తే, లేసు మెడ దగ్గర మాత్రం వెయ్యి. అంతేగానీ కూలి తగ్గించకు.

కూలి డబ్బుకి వేరే ఖాతా పెట్టి, ఆర్డరు ఒప్పుకున్న రోజే ఆ డబ్బు అందులో జమ చెయ్యి. కొనేవాడి డబ్బు వచ్చాక ఇద్దామనుకోకు. సగం అడ్వాన్సు ఇవ్వని దుకాణానికి, ఎంత పెద్దదైనా, నమస్కారం పెట్టి వచ్చెయ్. మీ అమ్మమ్మ కాలంలో లేనిది నీకు ఒకటుంది. ఉద్యమ్‌లో తయారీదారుగా నమోదైతే, కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉన్నా డబ్బు ఇవ్వడం 45 రోజులు దాటించకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల లెక్కన చక్రవడ్డీ కట్టాలని చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 చట్టంలోనే ఉంది. కేవలం కొని అమ్మే వ్యాపారిగా నమోదైతే ఆ రక్షణ దొరకదు, ఫారం నింపేటప్పుడు చూసుకో. ప్రతి సరుకుకీ బిల్లు రాయి, అందిందని సంతకం తీసుకో. తెలిసినవాళ్లే కదా, బాగుండదు అని మొహమాటపడకు. నీకు ఆ మొహమాటం మీ నాన్న దగ్గరనుంచి వచ్చింది, నాకు తెలుసు.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, వచ్చింది. ఆ గుర్తు వాడాలంటే నువ్వు అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకోవాలి. మిషన్ లేసు ఒక్క అంగుళం కూడా కలపకు. ధరలో పోటీ పడలేక చాలామంది కలిపారు, చేతి లేసుకి ఉన్న పేరే పోగొట్టారు. ఉప్పాడ జాందానీ, బండారులంక నేత వాళ్లతో పరిచయం పెంచుకో. వాళ్ల నూలు గుడ్డ మీద నీ లేసు పడితే చూడాలని నాకు ఎంతో ఆశ.

తుఫాన్ల రోజుల్లో, అక్టోబరు నవంబరుల్లో, పెద్ద ఆర్డర్లకి తేదీలు ఇవ్వకు. ఎండ ఉండదు, ఉతికినవి ఆరవు, పసుపు మచ్చ పడితే పోదు. సంక్రాంతి సరుకు దసరాకి ముందే ఉతికించి పెట్టుకో.

మీ అమ్మ గాజులు మాత్రం తాకట్టు పెట్టకు. ఆమె ఇస్తానంటుంది, నీ కోసం ఏదైనా ఇస్తుంది. తీసుకున్నావంటే నేను నీతో మాట్లాడను. నిజంగా అవసరమైతే నన్నడుగు, నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అప్పుగానే ఇస్తాను, నువ్వూ కాగితం రాసివ్వాలి.

ఇంకోటి. అల్లేవాళ్లలో నలభై దాటినవాళ్లకి కళ్లద్దాలు నీ ఖర్చులో పెట్టు. మీ అమ్మమ్మకి చివర్లో సూదిలో దారం కూడా కనిపించేది కాదు, అయినా అలవాటు కొద్దీ అల్లేది. ఆ చేతుల్లో నువ్వు చిన్నప్పుడు నిద్రపోయావు.

తిండి మానేసి తిరక్కు. రాత్రి బస్సుల్లో సరుకుతో ఒక్కదానివే రాకు. వచ్చే ఆదివారం ఇక్కడికి రా. నువ్వు చూసిన దారం కోను, నీతో బేరం మాట్లాడిన దుకాణం వాళ్లు పంపిన ఒప్పందం కాగితం వెంట తెచ్చుకో. సంతకం మాత్రం నేను చదివాకే పెట్టు.

మీ పెద్దమ్మ