పాటల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు – ఈసారి ‘సాగర సంగమం’

ప్రశ్న: విశ్వనాథ్‌గారి సినిమా అంటే మా ఇంట్లో అందరికీ కె.వి. మహదేవన్‌గారే. ‘సాగర సంగమం’ పాటలు బాగున్నాయనిపిస్తుంది కానీ, ‘శంకరాభరణం’ పాటల్లా మనసుకు పట్టడం లేదు. ఎలా వినాలి?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మీ చెవి మహదేవన్‌గారి పద్ధతికి అలవాటు పడింది, అంతే. ఆయన సాహిత్యం చేతికొచ్చాక వరస కట్టేవారు. అందుకే మాట విరిగిన చోటే రాగమూ విరుగుతుంది, వాద్యాలు మాటకు దారి వదిలి పక్కన నడుస్తాయి. ‘సాగర సంగమం’కి సంగీతం కట్టిన ఇళయరాజా అలా కాదు. వాద్యగోష్ఠిలో ఎవరేం వాయించాలో నొటేషన్‌తో సహా రాసి ఇస్తారు. గొంతు పాడుతుంటే దాని కింద మరో స్వరపంక్తి తన దారిన తాను నడుస్తుంటుంది. గొంతునే పట్టుకుని వింటే ఆయన పనిలో సగం చేజారిపోతుంది.

తేడా తెలియడానికి ఒకే రాగంలో ఉన్న రెండు పాటలు తీసుకోండి. ‘శంకరాభరణం’లో ‘సామజవరగమన’, ‘సాగర సంగమం’లో ‘ఓం నమశ్శివాయ’. రెండూ హిందోళ రాగమే, రెండిటికీ వేటూరి రాశారు; మొదటిదాని పల్లవి మాత్రం త్యాగరాజస్వామి కీర్తనది. హార్మోనియం మీద ఒకటి శ్రుతి (C మెట్టు) షడ్జమం, అంటే ‘స’ అనుకుంటే స గ మ ద ని వరసగా తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, నలుపు మెట్లు. రిషభం (రి), పంచమం (ప) ఉండవు. వెనక శ్రుతి పలికే తంబూరా యాప్‌లో పంచమం తీసేసి మధ్యమం (మ) పెట్టుకోండి, లేకపోతే రాగంలో లేని స్వరం వెనక మోగుతూనే ఉంటుంది. మొదటిసారి పాటతో పాటు గొంతు కలపండి. రెండోసారి నోరు మూసుకుని పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు ఏం చేస్తున్నాయో మాత్రమే వినండి. మూడోసారి గొంతు నడుస్తుండగా దాని వెనకాల ఉన్నదాన్ని వెతకండి. అందరూ తొందరపడి వదిలేసేది ఈ మూడో విడతే, అసలు రుచి అక్కడే ఉంది.

ప్రశ్న: ‘తకిట తధిమి’ పాటలో తాళం గొప్పగా ఉంటుందంటారు. సంగీతం రాని వాళ్లకి అది తెలిసే మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంది, బడిలో నేర్చుకున్న లఘువు గురువులు చాలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ‘తకిట’ మూడు, ‘తధిమి’ మూడు, మళ్లీ మూడు, మళ్లీ మూడు, చివర ‘తందాన’ అయిదు. మొత్తం పదిహేడు. రెండో పాదం ‘హృదయ లయల జతుల గతుల తిల్లాన’ కూడా అచ్చంగా ఇంతే: నాలుగు మూళ్లు, ఒక అయిదు.

మూడో పాదం దగ్గర ఆగండి. ‘తడబడు’ నాలుగు, ‘అడుగుల’ నాలుగు, ‘తప్పని’ నాలుగు, ‘తాళాన’ అయిదు. నాలుగు మూళ్లు కాస్తా మూడు నాలుగులయ్యాయి! కానీ మొత్తం కూడితే మళ్లీ పదిహేడే. అడుగులు తడబడుతున్నాయి, తాళం మాత్రం తప్పలేదు. తాగిన మైకంలో వానలో నూతి గట్టు మీద ఆడుతున్న కథానాయకుడు బాలు గురించి పాట ఏం చెబుతోందో, మాత్రలు కూడా అదే చేసి చూపిస్తున్నాయి. నాలుగో పాదమూ నాలుగుల్లోనే నడుస్తుంది. ‘శృతిని లయని ఒకటి చేసి’ అనేసరికి మళ్లీ మూళ్లలోకి వచ్చేస్తుంది. వేటూరి ఇంత లెక్కగా రాసినా వినేవాడికి లెక్క కనబడదు. ఆ పాదాల మీద ఇళయరాజా షణ్ముఖప్రియ రాగాన్ని పరిచారు, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు ఆ తూలుడంతా గొంతులో పలికించారు. ఈ సినిమాకే ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది.

లెక్కపెట్టేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంటుంది. ‘తందాన’లో మూడక్షరాలున్నాయని మూడు దెబ్బలు వేస్తారు. ‘తం’, ‘దా’ రెండూ గురువులు, అయిదు దెబ్బలు పడాలి. ఇంకొకటి, ఇది అక్షరాల లెక్క. పాడేటప్పుడు చివరి అక్షరం సాగుతుంది కాబట్టి పదిహేడును తాళం ఆవృతం (ఒక పూర్తి చుట్టు) అనుకోకండి.

ప్రశ్న: పాటకు హార్మోనియం కలుపుదామంటే ఏ మెట్టుకూ శ్రుతి అతకడం లేదు. పెట్టె చెడిందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పెట్టెను అనుమానించే ముందు వీడియోను అనుమానించండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేములకు మార్చి నడిపితే పాట నాలుగు శాతం వేగంగా పరిగెడుతుంది, శ్రుతి కూడా పైకి లేస్తుంది. ఆ లేచేది పక్కపక్క మెట్ల మధ్య దూరంలో సుమారు మూడింట రెండొంతులు. అందుకే కింది మెట్టుకీ కలవదు, పై మెట్టుకీ కలవదు. క్యాసెట్ నుంచి ఎక్కించిన పాటకు టేపు వేగం బట్టి తేడా ఉంటుంది. పాటల కంపెనీ పెట్టిన ఆడియోతో పోల్చి చూడండి. మీ దగ్గర అదొక్కటే కాపీ ఉంటే, ప్లేయర్‌లో వేగం 0.96కి తగ్గించండి. ఒక సంగతి: ‘వేగం మారినా శ్రుతి మారకుండా’ అనే సదుపాయం ఆపేసి తగ్గించాలి. చాలా యాప్‌లలో అది దానంతటదే ఆన్‌లో ఉంటుంది.

ప్రశ్న: ‘వేదం అణువణువున’ పాట పంతువరాళి రాగం కాదా?
– ఒక సంగీత విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: హంసానంది. స రి గ మ ని రెండింటికీ ఒకటే కావడంతో ఈ అనుమానం వస్తుంది. పంతువరాళిలో పంచమం ఉంటుంది, ధైవతం (ద) శుద్ధం. హంసానందిలో పంచమం లేదు, ధైవతం ఒక మెట్టు పైన చతుశ్రుతి. పాట ‘ప’ మీద ఎక్కడైనా నిలబడుతుందేమో చూడండి, నిలబడదు. తంబూరాలో నిషాదం పెట్టుకుని పాడితే బాగా అతుకుతుంది.

ప్రశ్న: ‘బాలకనకమయ’ సినిమా పాట విని కీర్తన నేర్చుకోవచ్చా?
– ఒక గృహిణి, డల్లాస్

జవాబు: వద్దు. అది త్యాగరాజస్వామి అఠాణా రాగ కీర్తన ‘ఏల నీ దయ రాదు’కి అనుపల్లవి, అంటే పల్లవి తర్వాత వచ్చే భాగం. సినిమాలో అక్కడి నుంచి ఎత్తుకున్నారు. పల్లవితో మొదలుపెట్టి గురువు దగ్గర నేర్చుకోండి, జానకిగారి పాట ఆనందానికి వినండి.

ప్రశ్న: విశ్వనాథ్‌గారు మహదేవన్‌గారితో కాక వేరే సంగీత దర్శకులతో చేసినవి ఇంకేం వినాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇళయరాజాతోనే ‘స్వాతిముత్యం’ (1986), ‘స్వర్ణకమలం’ (1988). రమేశ్ నాయుడుగారితో ‘స్వయంకృషి’ (1987), అందులో ‘సిన్ని సిన్ని కోరికలడగ’ తప్పక వినండి. కీరవాణితో ‘ఆపద్బాంధవుడు’ (1992), ‘శుభసంకల్పం’ (1995). విద్యాసాగర్‌తో ‘స్వరాభిషేకం’. మహదేవన్‌గారికి ‘శంకరాభరణం’, ఇళయరాజాకు ‘సాగర సంగమం’, విద్యాసాగర్‌కు ‘స్వరాభిషేకం’ జాతీయ ఉత్తమ సంగీత దర్శకుడి అవార్డు తెచ్చాయి. ఒకే దర్శకుడి దగ్గర ముగ్గురికి! వినే వరస అడిగితే, ముందు ‘స్వర్ణకమలం’. అదీ నాట్యం కథే కాబట్టి ‘సాగర సంగమం’తో పోల్చుకోవడం తేలిక.